బ్యాకప్ సర్వరుకూ ఒక పరేడ్ స్టేట్ కావాలి

(భిలాయి-3లో మన సంఘం వార్షిక సమావేశంలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను "ప్రతి శనివారం ఆ కంప్యూటర్ గదిలో కూర్చుని రిజిస్టరులో ఏవో అంకెలు రాస్తుంటారు కదా, అవేమిటో ఈసారి అందరికీ చెప్పండి" అని ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. ఇంటర్మీడియట్ పాసై సిపాయిగా చేరిన వాడిని. సిగ్నల్స్‌లో ఉండబట్టి వైరుతోనూ, వైర్‌లెస్‌తోనూ, తర్వాత కంప్యూటరుతోనూ పరిచయం అయింది. పెన్షన్ వచ్చాక ఒక ప్రైవేటు ఆఫీసు సర్వర్ గదిలో కొన్నాళ్ళు డ్యూటీ చేశాను. అక్కడ నేర్చుకున్నదీ, ఫౌజులో నేర్చుకున్నదీ కలిపి చెబుతాను. మన భాషలోనే చెబుతాను. పెద్ద చదువులు చదివిన పిల్లలకు తప్పులు కనబడితే భోజనాల దగ్గర సరిదిద్దండి.

ఆ గదిలో ఏముంది?

మన సంఘం గదిలో ఉన్నది బొమ్మలు చూసుకునే కంప్యూటర్ కాదండి. సభ్యుల డిశ్చార్జి బుక్కు కాపీలు, పి.పి.ఓ.లు, పెళ్ళి, పిల్లల పుట్టుక నమోదైన పార్ట్-టూ ఆర్డర్ల కాపీలు, సంఘం జమాఖర్చులు, పాత సంచికలు, ఇప్పుడు మన మధ్య లేని వారి ఫోటోలు అందులో ఉన్నాయి. శ్రీకాకుళం నుంచీ, విజయనగరం నుంచీ మన పెద్దవాళ్ళు పొట్ట చేతపట్టుకుని ఇక్కడికి వచ్చారు. కొందరు స్టీల్ ప్లాంటుకి, కొందరు రైల్వేకి, వాళ్ళ పిల్లల్లో కొందరు ఫౌజుకి వెళ్ళారు. ఊరిలో ఇల్లు లేదు, ఇక్కడ అద్దె ఇళ్ళు మారుతూ వచ్చారు. ప్రతి మార్పులో కొన్ని కాగితాలు పోయాయి. అలాంటి కుటుంబాలకి ఆ స్కాన్ కాపీయే ఆధారం.

పని చేసే కంప్యూటర్ ఒకటి, దాని నకలు దాచే బ్యాకప్ సర్వర్ ఇంకొకటి. ఈ రెండోది వేరే భవనంలో ఉంది. ప్రతి రాత్రి మొదటి దానిలోని సరుకంతా నెట్‌వర్క్ మీద రెండో దానిలోకి వెళుతుంది. ఇంతవరకూ అందరికీ తెలుసు. "బ్యాకప్ ఉంది కదా" అని అందరూ నిశ్చింతగా ఉంటారు. అసలు ప్రశ్న అది కాదు. ఆ బ్యాకప్ సర్వరులో చోటు ఎంత నిండింది? రోజుకి ఎంత పెరుగుతోంది? సరుకు ఎంత వేగంగా లోపలికి వెళుతోంది, అవసరమైతే ఎంత వేగంగా బయటికి వస్తుంది? ఈ లెక్కలు ఎవరైనా తీసి చూస్తున్నారా? నా ప్రసంగం అంతా దీని గురించే.

చరోదా యార్డు లెక్క

మన పక్కనే చరోదాలో మార్షలింగ్ యార్డు ఉంది. ఇక్కడ కూర్చున్న వారిలో సగం మంది ఇళ్ళలో ఆ యార్డులో పని చేసినవారు ఒకరైనా ఉంటారు. యార్డు మాస్టరుని ఏమి అడుగుతారు? ఒకటి, ఈ పూట యార్డులో ఎన్ని వ్యాగన్లు నిలబడి ఉన్నాయి, ఎన్ని లైన్లు ఖాళీగా ఉన్నాయి? రెండు, ఇరవైనాలుగు గంటల్లో ఎన్ని బళ్ళు వచ్చాయి, ఎన్ని కట్టి పంపారు, ఒక్కో వ్యాగన్ ఎన్ని గంటలు ఆగిపోయింది?

మొదటిది స్థలం లెక్క. రెండోది పనితనం లెక్క. బ్యాకప్ సర్వరుకి కూడా సరిగ్గా ఈ రెండే. యార్డులో లైన్లన్నీ నిండిపోతే బయట సిగ్నల్ దగ్గర బండి నిలబడిపోతుంది. సర్వరులో చోటు నిండిపోతే ఆ రాత్రి బ్యాకప్ నిలబడిపోతుంది. తేడా ఒక్కటే. బండి ఆగితే డ్రైవర్ హారన్ కొడతాడు. బ్యాకప్ ఆగితే ఎవరూ హారన్ కొట్టరు.

స్థలం లెక్కలో మెలికలు

స్థలం లెక్క అంటే మొత్తం, వాడింది, మిగిలింది అని మూడు అంకెలే కదా అనుకుంటాం. పరేడ్ స్టేట్‌లో లాగే ఇక్కడా కాగితం మీది నఫ్రీ వేరు, గ్రౌండ్ మీది నఫ్రీ వేరు. కొన్ని మెలికలు చెబుతాను.

మొదటి మెలిక. నాలుగు టెరాబైట్ల డిస్కు కొంటే కంప్యూటర్ 3.6 అని చూపిస్తుంది. దుకాణదారుడు మోసం చేశాడని కొందరు గొడవ పెట్టుకుంటారు. అతను మోసం చేయలేదు. డిస్కు తయారు చేసినవారు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, కంప్యూటర్ చాలాచోట్ల 1024 చొప్పున లెక్కిస్తుంది. మెట్టు మెట్టుకీ తేడా పెరిగి టెరాబైట్ దగ్గరికి వచ్చేసరికి వందకి తొమ్మిది పైచిలుకు తేడా వస్తుంది. కాబట్టి రిజిస్టరులో ఏ లెక్కతో రాస్తున్నామో ఒకే పద్ధతి పెట్టుకోవాలి. ఒక వారం ఇదీ, ఒక వారం అదీ రాస్తే మన పెరుగుదల లెక్క అంతా తప్పుల తడక అవుతుంది.

రెండో మెలిక. వాడిందీ, మిగిలిందీ కలిపితే మొత్తం రాదు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈ.ఎక్స్.టి.-4 ఫైల్ సిస్టమ్ మామూలుగా వందకి అయిదు వంతులు తన కోసం అట్టేపెట్టుకుంటుంది. రేషన్ స్టాండులో రిజర్వు స్టాకు లాంటిదన్నమాట. అది మీది కాదు, ఆపద సమయానికి ఉంచినది.

మూడో మెలిక ముఖ్యమైనది. ఇప్పటి బ్యాకప్ సర్వర్లు ఒకే సరుకుని రెండుసార్లు దాచవు. సరుకంతా చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. ఒక ముక్క ఇదివరకే ఉంటే మళ్ళీ రాయకుండా, "ఆ ముక్క ఇక్కడుంది" అని జాబితాలో గుర్తు పెట్టుకుంటాయి. దీన్ని డీడూప్లికేషన్ అంటారు. ఉదాహరణకి 200 గిగాబైట్ల సరుకుని 30 రాత్రులు బ్యాకప్ తీశాం అనుకోండి. కాగితం మీద 6,000 గిగాబైట్లు. కానీ రోజూ మారేది కొద్దిగానే కాబట్టి డిస్కు మీద 400 మాత్రమే ఉండవచ్చు. 6,000ని 400తో భాగిస్తే 15. అదే డీడూప్లికేషన్ ఫ్యాక్టర్. ఈ అంకె చూసి సంతోషించండి, కానీ ఒక సంగతి మరచిపోకండి. ఆ 30 కాపీలూ ఒకే ముక్కల మీద ఆధారపడి ఉన్నాయి. ఒక్క ముక్క పాడైతే ఆ ముక్కను వాడుకున్న కాపీలన్నీ పాడైనట్టే. అందుకే స్థలం లెక్కతోపాటు "వెరిఫై" ఎప్పుడు జరిగింది అన్న తేదీ కూడా చూడాలి.

నాలుగో మెలిక. పాత బ్యాకప్‌లు తీసివేస్తే చోటు వెంటనే ఖాళీ అవదు. మనకి స్టోరులో కండెమ్నేషన్ బోర్డు గుర్తుందా? బోర్డు సంతకం పెట్టగానే లెడ్జరులో నుంచి సామాను పోతుంది. కానీ ఆక్షన్ అయ్యేవరకు ఆ పాత కుర్చీలు స్టోరులోనే పడి ఉంటాయి. ఇక్కడ కూడా అంతే. "ప్రూన్" అంటే లెడ్జరులో కొట్టివేయడం. "గార్బేజ్ కలెక్షన్" అంటే ఆక్షన్ బండి వచ్చి ఎత్తుకెళ్ళడం. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో అయితే ఎవరికీ అక్కరలేని ముక్కను కూడా మామూలుగా 24 గంటల 5 నిమిషాలు ఆగిన తర్వాతే తీసివేస్తుంది. అప్పుడే నడుస్తున్న బ్యాకప్‌కి ఆ ముక్క అవసరం పడవచ్చు కదా, అందుకు ఆ జాగ్రత్త. ఇది తెలియని వారు డిస్కు నిండిన రోజున పాత కాపీలు చెరిపి, చోటు రాలేదని కంగారుపడి ఇంకా చెరిపి, ఆఖరికి అవసరమైనవి కూడా చెరిపేస్తారు. డిస్కు పూర్తిగా నిండాక పరిగెత్తడం కన్నా 80 శాతం దగ్గరే మేలుకోవడం మంచిది.

అయిదో మెలిక. కొన్నిసార్లు గిగాబైట్లు మిగిలే ఉంటాయి, అయినా "చోటు లేదు" అంటుంది. ఎందుకంటే ప్రతి ఫైలుకీ ఐనోడ్ అనే ఒక నంబరు పలక కావాలి. ఆ పలకలు అయిపోతే, గదులు ఖాళీగా ఉన్నా కొత్తవాడికి బెడ్ నంబరు ఇవ్వలేని బ్యారక్ లాగా అవుతుంది. చిన్న ముక్కలు లక్షల్లో ఉండే బ్యాకప్ సర్వరులో ఈ లెక్క కూడా చూడాలి. లినక్స్‌లో డి.ఎఫ్. అనే ఆదేశం స్థలం చెబుతుంది, దానికి ఐ అక్షరం జోడిస్తే ఈ పలకల లెక్క చెబుతుంది.

పనితనం లెక్క

ఇక వేగం సంగతి. బ్యాకప్ రాత్రిపూట జరుగుతుంది, ఒక గంట అయితే ఏమి, మూడు గంటలైతే ఏమి అనుకుంటాం. మాట నిజమే. కానీ తిరిగి తీసుకోవలసిన రోజున గంటలే ప్రాణం.

ఒక చిన్న లెక్క. నెట్‌వర్క్ ఒక గిగాబిట్ అయితే సెకనుకి 125 మెగాబైట్లకి మించి వెళ్ళదు, ఆచరణలో 110 దాకా వస్తుంది. 400 గిగాబైట్లు తిరిగి తీసుకోవడానికి సుమారు ఒక గంట. కానీ మధ్యలో ఎక్కడో పాత స్విచ్చి ఉండి, లైను 100 మెగాబిట్లకి దిగిపోతే సెకనుకి 11 మెగాబైట్లు. అదే పనికి పది గంటలు. బ్యాకప్ ఫెయిల్ అవదు, "ఓకే" అనే వస్తుంది. వేగం అంకె చూసినవాడికి మాత్రమే తెలుస్తుంది.

వేగంలో కూడా రెండు రకాలు. ఒకటి, సెకనుకి ఎన్ని మెగాబైట్లు. రెండు, సెకనుకి ఎన్నిసార్లు రాయడం, చదవడం. తిరిగే డిస్కు వరుసగా చదివితే బాగా పరిగెడుతుంది. అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఏరుకురమ్మంటే సెకనుకి వంద రెండువందల సార్లకి మించి చేయలేదు. ముక్కల పద్ధతిలో దాచిన సర్వరుకి ఇదే కష్టం. వెరిఫై చేసేటప్పుడూ, గార్బేజ్ కలెక్షన్ అప్పుడూ, తిరిగి తీసేటప్పుడూ ఏరుకురావడమే పని. అందుకని ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా పని నత్తనడక నడుస్తుంది. అప్పుడు "ఐ.ఓ. వెయిట్" అనే అంకె చూడాలి. వంటవాళ్ళు సిద్ధంగా ఉన్నారు, స్టోరు నుంచి బియ్యం రాలేదు అనే పరిస్థితిని చెప్పే అంకె అది.

మూడోది డిస్కు ఆరోగ్యం. స్మార్ట్ అనే ఏర్పాటు ప్రతి డిస్కులోనూ ఉంటుంది. అందులో "రీఅలొకేటెడ్ సెక్టార్", "పెండింగ్ సెక్టార్" అని రెండు అంకెలు ఉంటాయి. సున్నా ఉంటే మంచిది. సున్నా కాకపోయినా కదలకుండా ఉంటే కొంత నయం. వారం వారం పెరుగుతుంటే మాత్రం కొత్త డిస్కు ఇండెంట్ పెట్టే సమయం వచ్చినట్టే.

లెక్క ఎలా రాబట్టాలి?

మూడు దారులున్నాయి.

మొదటిది కళ్ళతో చూడడం. సర్వర్ తెర తెరిస్తే ముందు పేజీలోనే ఒక్కో డేటాస్టోరుకి ఎంత నిండిందీ, ఎంత మిగిలిందీ, ఈ తీరున సాగితే ఎప్పటికి నిండుతుందో అంచనా తేదీ కూడా కనబడుతుంది. ఆ తేదీని వేదవాక్కు అనుకోవద్దు. ఇన్నాళ్ళ పెరుగుదలని ఒక గీత గీసి ముందుకి లాగి చెప్పిన అంచనా అది. ఒక్కరోజు వెయ్యి ఫోటోలు స్కాన్ చేసి పడేస్తే ఆ గీత మారిపోతుంది. చేతి లెక్క కూడా తెలిసి ఉండాలి. మిగిలింది 1,200 గిగాబైట్లు, వారానికి పెరిగేది 30 అయితే 40 వారాలు. అంతే.

రెండోది ఆదేశాలతో అడగడం. ఒక్కో సాఫ్ట్‌వేరుకి ఒక్కో భాష ఉంటుంది. పెద్ద ఆఫీసుల్లో వాడే ఐ.బి.ఎం. వారి బ్యాకప్ సర్వరులో క్వెరీ ఎస్.టి.జి.‌పూల్ అని అడిగితే గోదాముల నిండుదల చెబుతుంది, క్వెరీ ఆక్యుపెన్సీ అని అడిగితే ఏ కంప్యూటర్ ఎంత చోటు ఆక్రమించిందో చెబుతుంది. ప్రాక్స్‌మాక్స్‌లో బ్యాకప్ తీసే క్లయింటుని స్టేటస్ అడిగితే మొత్తం, వాడింది, మిగిలింది చెబుతుంది. ప్రతి రాత్రి పని చిట్టా తెరిస్తే మొత్తం సరుకు ఎంత, అందులో కొత్తగా పంపింది ఎంత, ఎన్ని సెకన్లు పట్టింది, సగటు వేగం ఎంత అని వరుసలో రాసి ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన వరుస అదే.

మూడోది ఇంకొక కంప్యూటర్ చేత అడిగించడం. దీన్ని ఏ.పి.ఐ. అంటారు. ప్రాక్స్‌మాక్స్ సర్వర్ 8007 నంబరు తలుపు దగ్గర కూర్చుంటుంది. అక్కడికి ఒక చీటీ పట్టుకెళ్ళి అడిగితే స్థలం లెక్క, గంట, రోజు, వారం, నెల, సంవత్సరం వారీ వేగం లెక్క ఇస్తుంది. ఆ చీటీ పేరు టోకెన్. ఇక్కడ సెక్యూరిటీ మాట ఒకటి. ఆ టోకెనుకి చూసే హక్కు మాత్రమే ఇవ్వండి. దాన్ని ఆడిట్ రోల్ అంటారు. ఆడిటర్ లెడ్జర్ చూస్తాడు, స్టోరు తాళం మాత్రం అతని చేతికి ఇవ్వం కదా. లెక్క తీసే కంప్యూటర్ దొంగ చేతిలో పడినా బ్యాకప్ చెరిపే అధికారం వాడికి దొరకకూడదు.

ఇంకొక హెచ్చరిక. సంవత్సరం గ్రాఫు నున్నగా అందంగా కనబడుతుంది. ఎందుకంటే పాతబడేకొద్దీ సర్వర్ ఆ అంకెల్ని సగటు చేసి కుదించి దాచుకుంటుంది. ఒక రాత్రి మూడు గంటలు డిస్కు ఊపిరాడక కొట్టుకున్న సంగతి ఆ సగటులో కరిగిపోతుంది. అందుకే వారం వారం అంకెలు వేరే చోట రాసి పెట్టుకోవాలి. నేను రిజిస్టరులో పెన్నుతో రాస్తాను. పిల్లలు నవ్వుతారు. సర్వరే చచ్చిపోతే దానిలో ఉన్న గ్రాఫు ఎవరికి ఉపయోగం?

లెక్క ఏమి పట్టించింది?

ఇది మన సంఘంలో జరిగినదే. కొత్త స్కానర్ వచ్చింది. దాన్ని బిగించడానికి బజారులోని ఒక దుకాణం నుంచి కుర్రవాడు వచ్చాడు. బిగించాడు, చూపించాడు, వెళ్ళాడు. మన పిల్లలు ఉత్సాహంగా కాగితాలు స్కాన్ చేస్తున్నారు. రోజూ రాత్రి బ్యాకప్ "ఓకే" అంటోంది. ఒక్క ఎర్ర గుర్తు లేదు.

శనివారం రిజిస్టరు రాస్తూ చూస్తే వాడిన స్థలం అంకె దాదాపు కిందటి వారం అంకే ఉంది. కొత్తగా పంపిన సరుకు దాదాపు సున్నా. బ్యాకప్ సమయం కూడా తగ్గింది. "బాగుంది, వేగం పెరిగింది" అని ఎవరైనా సంతోషించవచ్చు. కానీ పిల్లలు వారమంతా స్కాన్ చేశారు కదా. సరుకు వచ్చింది, లెడ్జరులో ఎక్కలేదు. మరి ఎక్కడికి పోయింది? వెతికితే తెలిసింది. ఆ కుర్రవాడు స్కానర్ బిగించేటప్పుడు కాపీలు దాచే చోటు మార్చాడు. రెండో డిస్కులో కొత్త ఫోల్డర్ పెట్టాడు. మన బ్యాకప్ జాబితాలో ఆ డిస్కు లేదు. బ్యాకప్ తనకు చెప్పిన పని నిజాయితీగా చేసింది. చెప్పనిది చేయలేదు. అందుకే "ఓకే" అంది.

ఆ రోజే జాబితాలో ఆ డిస్కు చేర్చాం. ఆ రాత్రి కొత్త సరుకు అంకె పెద్దగా పెరిగింది, మర్నాడు చూసి ఊపిరి పీల్చుకున్నాం.

ఆ తర్వాత వానాకాలంలో ఒక రాత్రి పిడుగు పడి పని కంప్యూటర్ రెండు డిస్కులూ పోయాయి. అదే నెలలో మన వదినమ్మ ఒకామె వచ్చింది. భర్త పోయి కొద్ది కాలమే అయింది. ఆధార్‌లో ఆమె పేరు ఒక తీరు, రికార్డ్స్‌లో ఇంకొక తీరు. కుటుంబ పెన్షన్ దగ్గర పని ఆగింది. పెళ్ళి నమోదైన పాత పార్ట్-టూ ఆర్డర్ కావాలి. అసలు కాగితం ట్రంకు పెట్టెలో చెదలు తినేసింది. "మరిదిగారూ, ఆయన బతికుండగా ఇక్కడ ఒక కాగితం ఇచ్చి ఫోటో తీయించారు, అది ఉందా?" అని అడిగింది. పిల్లలు బ్యాకప్‌లో వెతికారు. ఉంది. స్కాన్ చేసిన తేదీ చూస్తే కొత్త స్కానర్ వచ్చిన ఆ వారమే. శనివారం లెక్క చూడకపోతే ఆ కాగితం ఏ డిస్కులోనూ ఉండేది కాదు. దాని మీదున్న నంబరు, తేదీ పట్టుకుని రికార్డ్స్ ఆఫీసుకి అర్జీ రాశాం. పని ముందుకి నడిచింది. ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. రిజిస్టరు గొప్పతనం. అంకె పెరగడమే ప్రమాదం అనుకుంటాం. పెరగవలసిన అంకె పెరగకపోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం.

పెద్ద పెద్దవాళ్ళ సంగతులు

మనవంటి చిన్నవాళ్ళకే కాదు, ప్రపంచంలో పెద్దవాళ్ళకీ ఇవే పాఠాలు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపివేశాడు. సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రం మిగిలింది. బ్యాకప్ కోసం వెళితే, బ్యాకప్‌లు దాచే చోటు ఖాళీగా ఉంది. డేటాబేస్ ఒక వెర్షన్, బ్యాకప్ తీసే ప్రోగ్రాం ఇంకొక వెర్షన్ కావడంతో రోజూ ఫెయిల్ అవుతూనే ఉంది. ఫెయిల్ అయ్యాను అని చెప్పే ఈమెయిళ్ళను మెయిల్ సర్వర్ తిరస్కరించింది. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన ఒక కాపీ దొరకబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల సరుకు పోయింది. గోదాములో ఎన్ని గిగాబైట్లు ఉన్నాయి అని వారానికి ఒక్కసారి చూసి ఉంటే సున్నా కనబడేది.

మన దేశంలో 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి మీద సైబర్ దాడి జరిగింది. అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయి, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారు అని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. రోజుల తరబడి డాక్టర్లు కాగితాల మీద పని నడిపారు. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టి ఈ-హాస్పిటల్ సమాచారం తిరిగి వచ్చింది. అంటే బ్యాకప్ సర్వర్ కూడా అదే తాళం కింద, అదే గదిలో, అదే పాస్‌వర్డుతో ఉండకూడదని పాఠం.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో డెజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు వచ్చాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జి-డ్రైవ్ అనే గోదాము కాలిపోయింది. 858 టెరాబైట్లు. దానికి బయట బ్యాకప్ లేదు. గోదాము మరీ పెద్దది, వేగం తక్కువది కావడం వల్ల బయట బ్యాకప్ పెట్టలేకపోయామని కారణం చెప్పారు. చూశారా, స్థలం లెక్క, వేగం లెక్క రెండూ కలిసే అక్కడ దెబ్బ తీశాయి. పెరుగుతున్నప్పుడే లెక్క చూసుకోకపోతే, ఒక రోజుకి బ్యాకప్ తీయలేనంత పెద్దది అయిపోతుంది.

మన రిజిస్టరు

రిజిస్టరులో నేను రాసేవి పది గళ్ళు. తేదీ. మొత్తం స్థలం. వాడింది. మిగిలింది. కిందటి వారం కన్నా తేడా. వారంలో కొత్తగా వచ్చిన సరుకు. బ్యాకప్ పట్టిన సమయం, సగటు వేగం. ఆఖరి వెరిఫై, ఆఖరి గార్బేజ్ కలెక్షన్ తేదీలు. డిస్కు ఆరోగ్యం. చివర రిమార్క్సు, సంతకం. మొత్తం పావుగంట పని.

దీనికి నాలుగు స్టాండింగ్ ఆర్డర్లు పెట్టుకుందాం.

ఒకటి. 80 శాతం నిండితే కార్యవర్గానికి రాతపూర్వకంగా తెలపాలి. కొత్త డిస్కుకి చందా కూడబెట్టడానికి మనకి సమయం కావాలి కదా.

రెండు. రిపోర్టు రాకపోతే అంతా బాగుంది అని అర్థం కాదు. వైర్‌లెస్ నెట్ మీద టైముకి రేడియో చెక్ రాకపోతే మనం ఏం చేస్తాం? "అంతా క్షేమం" అని పడుకుంటామా? పిలుస్తాం, పలకకపోతే మనిషిని పంపుతాం. బ్యాకప్ నుంచి "ఓకే" రాని రాత్రిని ఫెయిల్ అయిన రాత్రి కిందే లెక్క కట్టాలి.

మూడు. మూడు నెలలకి ఒకసారి ఏదో ఒక ఫైలు తిరిగి తీసి, తెరిచి, కళ్ళతో చదవాలి. ఎంత సమయం పట్టిందో రాయాలి. ఫైరింగ్ రేంజికి వెళ్ళకుండా కోత్‌లో రైఫిళ్ళు లెక్కపెట్టుకుంటే చాలదు. అవి పేలుతాయో లేదో కూడా తెలియాలి.

నాలుగు. ఇందులో సభ్యుల పి.పి.ఓ. నంబర్లు, ఆధార్ కాపీలు, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. అందుకే బ్యాకప్ అంతా ఎన్‌క్రిప్షన్ తాళంతో ఉండాలి. ఆ తాళం చెవిని కాగితం మీద ప్రింటు తీసి, సీలు వేసి, వేరే చోట ఇద్దరి ఎరుకలో ఉంచాలి. తాళం చెవి పోతే సరుకు ఉన్నా లేనట్టే. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ఒక విన్నపం. డ్యూటీకి సంబంధించిన ఏ కాగితమూ, ఏ ఫోటో కూడా ఈ కంప్యూటరులోకి తేవద్దు. ఇక్కడ ఉండవలసినవి మన సొంత కాగితాలు మాత్రమే.

ఇళ్ళలో ఉన్నవారికి కూడా ఒక మాట. సర్వర్ లేకపోయినా సూత్రం అదే. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్ళో. మీ ఫోనులో ఉన్న పి.పి.ఓ. ఫోటోని ఇవాళ భోజనం ముందే తెరిచి చూడండి. అక్షరాలు కనబడుతున్నాయో లేదో చూసుకోండి. ఊళ్ళో ఉన్న తమ్ముడి దగ్గర ఒక కాపీ పెట్టండి. స్పర్శ్‌లోకి వెళ్ళి పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు సరిగ్గా ఉన్నాయో లేదో మీరు బతికుండగానే చూసుకోండి. మీరు పోయాక ఆ పని చేయవలసింది ఆమె. ఆ దుఃఖంలో, ఆ వయసులో ఆమెను ఆఫీసుల చుట్టూ తిప్పకండి.

ఆఖరి మాట. నాకు యాభై దాటాయి, కళ్ళద్దాల నంబరు ఏటేటా మారుతోంది. ఈ డ్యూటీకి ఇద్దరు పిల్లలు కావాలి. ఇంజనీరింగ్ చదివినవారే అక్కరలేదు. పది గళ్ళు నిజాయితీగా నింపేవారు, చూడని అంకెను రాయనివారు చాలు. ఆడపిల్లలు ముందుకి వస్తే ఇంకా సంతోషం. వచ్చే శనివారం సాయంత్రం అయిదింటికి గది తెరిచి ఉంటుంది. హ్యాండింగ్ ఓవర్, టేకింగ్ ఓవర్ పద్ధతిగా చేద్దాం, రిజిస్టరు మీద సంతకాలతో.



జై హింద్.